ముల్లంగి ఆకు పారేయకే, అమ్మలూ

అమ్మలూ, వేరు కాపురం పెట్టి నీ వంట నువ్వే చేసుకుంటున్నావని విని ఎంత సంతోషించానో! ఒక్క మాట చెబుతాను, విను. ముల్లంగి కొన్నప్పుడల్లా ఆకంతా కూరలమ్మి దగ్గరే తుంచేసి వస్తున్నావట. ఆ పని చెయ్యకు తల్లీ.

నిన్ను అనడానికేం లేదులే, దాని పేరే అలాంటిది. సంస్కృతంలో మూలకం, హిందీలో మూలీ, రెండూ వేరు అనే అర్థమున్న ‘మూలం’ నుంచి వచ్చినవే. ఇంగ్లీషు ర్యాడిష్‌కు పుట్టిల్లయిన లాటిన్ మాట రాడిక్స్ అన్నా వేరే. జపాను వాళ్ళ డైకాన్ అంటే పెద్ద వేరు. ఎవరికి వారు మట్టిలో ఉన్నదాన్ని చూసి పేరు పెట్టారు గాని, పైన పచ్చగా ఊగే ఆకును ఎవరూ తలుచుకోలేదు. దుంపలో నూటికి 95 పాళ్ళు నీరే. సి విటమిన్, కాల్షియం దుంపలో కన్నా ఆకులోనే ఎక్కువ. లేత ఆకు సన్నగా తరిగి, పెసరపప్పు, పచ్చిమిర్చి వేసి ఉడికించు. దించాక వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు పెట్టు. చేతికి గరగరలాడే ఆ నూగు ఉడికితే తెలియనే తెలియదు. రాజస్థాన్, గుజరాత్‌లలో మోగ్రీ అని ముల్లంగి కాయలు కూడా కూర వండుకుంటారు, తెలుసా?

ఇక వాసనంటావా? అబ్బాయి ముక్కు మూసుకుంటున్నాడని దాన్ని ఇంటికి తేవడమే మానెయ్యకు. ముల్లంగి ఆవాల కుటుంబానిది. కోసినా, తురిమినా దాని లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి ఆ ఘాటు పుడుతుంది. తొక్కలో అది మరీ ఎక్కువ. అందుకని చెక్కు మందంగా తీసి, ముక్కలు కాస్త పెద్దవిగా తరిగి, తెర్లుతున్న పులుసులో వెయ్యి. ఘాటు పుట్టించే గుణం వేడికి చచ్చిపోతుంది. మొదట కాసేపు మూత పెట్టకు, వాసన బయటికి పోనీ. పచ్చిగా తినాలనుకుంటే తురిమి, ఉప్పు చల్లి, కాసేపాగి పిండి పెరుగులో కలుపు. మీ తాతగారికి ఆ పెరుగుపచ్చడి ఉంటే ఇంకో కూర అక్కర్లేదు.

కొనేటప్పుడు లావు చూసి మోసపోకు. నాటిన నలభై యాభై రోజుల్లో పీకినదే రుచి. ముదిరితే లోపల బెండుబారుతుంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉండాలి, గోరు గుచ్చితే నీరు ఊరాలి. ఎండాకాలపు ముల్లంగికి ఘాటెక్కువ, చలికాలంలో వచ్చేది తియ్యగా ఉంటుంది. ఇప్పుడు పూసా చేత్కీ లాంటి వేడికి తట్టుకునే రకాలొచ్చి ఏడాది పొడుగునా దొరుకుతోంది గాని, నన్నడిగితే పుష్యమాసపు ముల్లంగిదే రుచి.

ఇంటికి రాగానే ఆకు, దుంప వేరు చెయ్యి, ఆకు అలాగే ఉంటే దుంపలో నీరు లాగేస్తుంది. దుంప తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకో, వారం ఆగుతుంది. ఆకు మాత్రం ఆ పూటే వండెయ్యి.