కరుణకు కూలి అడగొచ్చునా?



తుమ్మలపల్లెలో కొలువు అంటే ముందుగా యురేనియం గనే గుర్తొస్తుంది. గనిలో చేసేవాణ్ణి ఉద్యోగి అంటాం. పొద్దున్నే అంగన్‌వాడీ తలుపు తీసి, పసిబిడ్డల బరువు తూచి, ఉడికిన గుడ్డు చేతిలో పెట్టే ఆమెను మాత్రం ‘సేవ చేస్తోంది’ అంటాం. మాట గొప్పదే. కానీ ఆ మాట చాటునే ఆమె జీతం ‘గౌరవ వేతనం’ అయ్యింది. దీన్ని ధమ్మం ఒప్పుతుందా?

సిగాలుడనే గృహస్థుడికి బుద్ధుడు చెప్పిన సుత్తం చూడండి. పని చేయించుకునేవాళ్ల బాధ్యతలు అందులో ఉన్నాయి. శక్తికి తగ్గ పని చెప్పాలి. తిండీ జీతమూ ఇవ్వాలి. జబ్బు చేస్తే చూసుకోవాలి. విశ్రాంతి ఇవ్వాలి. ఇదేదీ దానం కాదు, బాధ్యత.

2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు సమ్మెకు దిగారు. అప్పటికి వర్కరుకు నెలకు 11,500 రూపాయలు, హెల్పరుకు 7,000. సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ఎస్మా కూడా ప్రయోగించారు. ‘పిల్లల్ని వదిలేసి రోడ్డెక్కుతారా?’ అన్నారు కొందరు. ఊళ్లో పిల్లల్ని చూసే మనిషి ఇంట్లో పిల్లలు పస్తుంటే అది కరుణ ఎట్లా అవుతుంది? సమ్యక్ జీవనం ఆమెకూ కావాలి గదా!

ఇంకో మాట. ఒక ఇల్లు అనుకుందాం. తండ్రి తాగుతాడు, తల్లి కూలికి పోతుంది, పాప బడి మానేసింది. తమ్ముడి బరువు తగ్గిందని అంగన్‌వాడీకి తెలుసు. తల్లి జబ్బు ఆశాకు తెలుసు. పాప రావట్లేదని బడిపంతులుకు తెలుసు. తాగొచ్చి కొడతాడని మహిళా పోలీసుకు తెలుసు. నలుగురికీ తలా ముక్క తెలుసు, ఇల్లు మొత్తం ఎవరికీ తెలీదు. ఎవరి రిజిస్టరు వాళ్లు రాసుకుని పోతారు.

విరేచనాలతో పడివున్న ఒక భిక్షువును బుద్ధుడు చూశాడు. మాకు పనికిరాడని తోటివాళ్లు అతణ్ణి వదిలేశారు. బుద్ధుడు నీళ్లు పోస్తే ఆనందుడు కడిగాడు. తల ఒకరు, కాళ్లు ఒకరు పట్టి మంచం మీద పడుకోబెట్టారు. పడిపోయిన మనిషిని ఒక్కరే ఎత్తలేరు. అంతటితో ఆగలేదు. సంఘాన్ని పిలిచి, రోగిని చూసేవాళ్లు ఎవరూ లేకపోతే సంఘమే చూడాలని నియమం పెట్టాడు. అంటే కరుణను మనసుకే వదిలేయలేదు, ఏర్పాటు చేశాడు. కార్మిక సభ్యుడిగా బాబాసాహెబ్ చేసిందీ అదే. గనుల్లో పనిచేసే ఆడవాళ్ల ప్రసూతి సౌకర్యాల చట్టానికి 1943లో సవరణ తెచ్చారు. తల్లి క్షేమాన్ని యజమాని దయకు వదల్లేదు.

2015 బాలల న్యాయ చట్టం కూడా దిక్కులేని బిడ్డ విషయాన్ని ఒక్క ఆఫీసరు చేతిలో పెట్టలేదు. పిల్లల సంక్షేమ కమిటీలో చైర్‌పర్సన్, ఇంకో నలుగురు సభ్యులు ఉంటారు. జిల్లాలో ఉన్న ఈ పద్ధతి ఊరికీ రావాలి. ఆ నలుగురూ నెలకొకసారి సచివాలయంలో కూర్చుని, కష్టంలో ఉన్న ఇళ్ల గురించి మాట్లాడుకోవాలి. ఆపద కనిపిస్తే ఎవరైనా 1098కి ఫోన్ చేయొచ్చు.

డిగ్రీ చదివిన మన చెల్లెళ్లూ తమ్ముళ్లూ, ఈ పనిలోకి రండి. జీతం అడగడానికి సిగ్గుపడొద్దు. పక్కవాళ్ల సాయం అడగడానికీ సిగ్గుపడొద్దు.

భవతు సబ్బ మంగళం.