మందుల షాపు ముందు ప్రజ్ఞాపరాధం

వైద్యుడి చీటీ లేకుండా మందు కొని వేసుకునే హక్కు మనిషికి ఉందా, ఉంటే రాజ్యం దానిని ఎంతవరకు కట్టడి చేయవచ్చు అన్న ప్రశ్న పైకి పాలనా వ్యవహారంగా కనిపించినా, దాని వేళ్ళు నీతిశాస్త్రంలోనే ఉన్నాయి. ఎవరి శరీరం మీద వారికే అధికారమన్న సూత్రాన్ని నమ్మినవారికి సమాధానం తేలికే అనిపిస్తుంది గాని, ఆ సూత్రాన్ని గట్టిగా ప్రతిపాదించిన జాన్ స్టూవర్ట్ మిల్ కూడా, 1859లో వెలువడిన ‘ఆన్ లిబర్టీ’ చివరి అధ్యాయంలో విషపదార్థాల అమ్మకం దగ్గరకు వచ్చేసరికి కొంతసేపు ఆగవలసి వచ్చింది. సీసా మీద ప్రమాద సూచన అతికించమనడం స్వేచ్ఛకు భంగం కాదని, తాను కొన్నది విషమన్న సంగతి తనకు తెలియకూడదని ఎవరూ కోరుకోరని ఆయన వాదించాడు. ప్రతి కొనుగోలుకూ వైద్యుడి ధ్రువపత్రం తెమ్మనడాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు. ఎందుకంటే అప్పుడు న్యాయమైన అవసరం ఉన్నవాడికి కూడా ఆ వస్తువు ఒక్కోసారి దొరకదు, దొరికినప్పుడల్లా ఖర్చు మీద పడుతుంది. జ్వరం వచ్చి పనికి పోలేని కూలీ మనిషి రెండు పారాసెటమాల్ బిళ్ళల కోసం ఆనాటి కూలితో పాటు డాక్టరు ఫీజు కూడా పోగొట్టుకోవాలనడం ఎంత అన్యాయమో చూస్తే, ఆ వాదానికి నేటికీ కాలం చెల్లలేదని తెలుస్తుంది.

అయితే మనిషి తనకు తాను చేసుకునే హాని అంతా తెలియకపోవడం వల్లనే జరుగుతుందన్న ఊహ ఈ లేబులు వాదంలో దాగి ఉంది. చరక సంహిత ఈ విషయంలో మరింత లోతుగా చూసింది. రోగానికి మూలకారణాల్లో ఒకటిగా అది చెప్పే ప్రజ్ఞాపరాధం, అంటే బుద్ధి గతితప్పి చేసే తప్పు, మూడు చోట్ల పుడుతుంది: మంచిచెడ్డలను విడదీసి చూసే ధీ చెడినప్పుడు, మనసును నిలవరించే ధృతి సడలినప్పుడు, తెలిసినది సమయానికి గుర్తు రాక స్మృతి తప్పినప్పుడు. లేబులు మొదటిదానికి మాత్రమే సాయపడగలదు.

ధృతి సడలిన క్షణానికి కావలసింది సమాచారం కాదు, కాస్త వ్యవధి. బ్రిటన్ 1998లో పారాసెటమాల్ బిళ్ళలను మామూలు దుకాణాల్లో పెట్టెకు 16, మందుల షాపుల్లో 32 మించకుండా పరిమితం చేసింది. ఆ మందు అధిక మోతాదు వల్ల సంభవించే మరణాలు తర్వాతి కాలంలో తగ్గినట్టు పరిశీలనల్లో తేలింది. మందుకు అడ్డు లేదు, తలనొప్పి ఉన్నవాడికి కొరతా రాలేదు; ఆవేశపు ఘడియలో చేతికందే పరిమాణం మాత్రమే తగ్గింది. ఇటువంటి నియమాన్ని పెత్తనమని కొట్టిపారేయడం తొందరపాటే.

స్మృతి సంగతి ఇంతకంటె చిక్కైనది. చరకుడి దృష్టిలో స్మృతి అంటే తత్త్వాన్ని మరవకపోవడం గనుక, దానిని మాత్రల లెక్కకు దించడం కొంత సాహసమే కావచ్చు. అయినా పోలిక నిలుస్తుంది. పెద్దవారికి పారాసెటమాల్ రోజుకు 4 గ్రాములు మించరాదన్నది సాధారణ పరిమితి. 650 మిల్లీగ్రాముల బిళ్ళలు ఆరు వేసుకుంటేనే 3,900 మిల్లీగ్రాములవుతుంది. అదే రోజు జలుబుకని వేసుకున్న వేరే బిళ్ళలో కూడా, పేరు వేరైనా, అదే మందు కలిసి ఉండవచ్చునన్న సంగతి గుర్తుకు రాకపోతే, తన మోతాదు తనకు తెలుసుననుకున్నవాడే కాలేయాన్ని ప్రమాదంలో పడేసుకుంటాడు.

ఇంతవరకు వచ్చిన చర్చ అంతా కొనేవాడే నిర్ణయిస్తాడన్న భావన మీద నడిచింది. భారతదేశంలో 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం చీటీ అవసరం లేని మందులను విడిగా నిర్వచించలేదు. చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాలైన హెచ్, హెచ్1, ఎక్స్ షెడ్యూళ్ళకు ఎక్కనివి చీటీ లేకుండా అమ్ముడవుతాయి. కాని షాపులో జరిగేది వేరు. ఒళ్ళు నొప్పులకు ఏమైనా ఇవ్వమని అడిగినవారికి, కౌంటరు వెనుక ఉన్న మనిషి మూడు నాలుగు రకాల షీట్ల నుంచి రెండేసి బిళ్ళలు కత్తిరించి, కాగితపు కవరులో వేసి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పి ఇస్తాడు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క తరచుగా షాపులోనే మిగిలిపోతుంది. చేతికి వచ్చిన ముక్క మీద అక్షరాలున్నా అవి చాలావరకు ఇంగ్లిషువే. ఇక్కడ రోగి తన ధీని ఉపయోగించే అవకాశమే లేదు కాబట్టి, దీనికి వ్యక్తి స్వేచ్ఛ పేరుతో రక్షణ అడగడం తగదు. విడిగా అమ్మేటప్పుడు కూడా మందు పేరు, మోతాదు, గడువు రోగి చదవగల భాషలో అతని చేతికి అందాలన్న నియమం స్వేచ్ఛను తగ్గించదు. లేని స్వేచ్ఛను కల్పిస్తుంది.

యాంటీబయాటిక్‌ల విషయంలో ఈ తర్కమంతా ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ హాని వేసుకున్నవాడితో ముగియదు. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 నోబెల్ ప్రసంగంలోనే, గొంతు నొప్పికని చాలీచాలని మోతాదు వేసుకుని సూక్ష్మజీవులను రాటుదేల్చిన భర్తను, ఆ జీవులే సోకి మందు పనిచేయక మరణించిన భార్యను ఊహించి చెప్పాడు. కనుక ఇతరులకు హాని కలిగేచోట అడ్డుకోవచ్చన్న మిల్ వాదం ప్రకారమే చూసినా రాజ్యం ఇక్కడ జోక్యం చేసుకోవచ్చు. 2014 మార్చి నుంచి అమలైన హెచ్1 షెడ్యూలు కొన్ని యాంటీబయాటిక్‌లకు చీటీతో పాటు, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం నమోదు చేసి మూడేళ్ళు భద్రపరచాలని షాపువారిని ఆదేశించింది. విషపదార్థాలు కొన్నవారి వివరాలు అమ్మేవాడు రాసి ఉంచాలని, తత్త్వవేత్త బెంథామ్ ఆలోచనను అనుసరించి మిల్ సూచించిన రిజిస్టరుకూ దీనికీ పోలిక స్పష్టమే గాని, ఒక భేదం మరవరానిది: మిల్ రిజిస్టరు కోరింది చీటీకి బదులుగా, హెచ్1 కోరేది చీటీకి అదనంగా. చీటీ రాయగల డాక్టరు అందుబాటులో ఉన్నచోట ఈ కట్టుదిట్టం న్యాయమే. చీటీ రాసే అర్హత లేని ఆర్.ఎం.పి. డాక్టరే దిక్కైన ఊళ్ళో మాత్రం, నిజంగా ఆ మందు అవసరమైన న్యుమోనియా రోగి వట్టి చేతులతో వెనక్కి వెళ్ళవలసి వస్తుంది, లేదా రిజిస్టరులో డాక్టరు పేరు రాయవలసిన గడి ఏదో ఒక పేరుతో నిండుతుంది.