గురి తప్పిన నవ్వు

నవ్వు నాలుగు విధాల చేటన్నది తెలుగువారి సామెత. భరతముని మాత్రం హాస్యాన్ని రసాలలో ఒకటిగా నిలిపాడు. స్మితం మొదలు అతిహసితం వరకు ఆరు విధాల నవ్వులను లెక్కించి, వాటిని ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులకు రెండేసి చొప్పున పంచాడు. అది నవ్వే తీరును బట్టి చేసిన విభజన. ఆ నవ్వు ఎవరికి తగులుతున్నదన్నది వేరే ప్రశ్న. అది రసానికే కాక ధర్మానికి కూడా సంబంధించినది.

1974లో అమెరికాలో విడుదలైన 'బ్లేజింగ్ శాడిల్స్' అనే హాస్యచిత్రం ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణ. దర్శకుడు మెల్ బ్రూక్స్. రచయితలు ఐదుగురు, వారిలో నల్లజాతి హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ ఒకడు. కథాకాలం 1874. రైలుమార్గం రాక్ రిడ్జ్ అనే ఊరి మీదుగా పోవలసి వస్తుంది. ఆ భూమిని కాజేయదలచిన ఒక అధికారి, ఊరివారిని బెదరగొట్టే ఉపాయంగా, ఒక నల్లజాతీయుణ్ణి అక్కడికి షెరీఫ్‌గా పంపిస్తాడు.

కొత్త షెరీఫ్ ఊరిలో అడుగుపెట్టగానే తుపాకులన్నీ అతనివైపు తిరుగుతాయి. అప్పుడతడు తన పిస్తోలును తన కంఠానికే గురిపెట్టుకొని, తననే తాను బందీగా పట్టుకొన్నట్లు నటిస్తాడు. బెదిరించేవాడూ అతడే, ప్రాణభయంతో వేడుకొనేవాడూ అతడే. ఊరంతా నమ్మి ఆయుధాలు దించుతుంది. ఇక్కడ నవ్వులపాలైనది అతడు కాదు. నల్లవాడంటే క్రూరుడో, నిస్సహాయుడో తప్ప మరొకటి కాలేడనుకొన్న ఊరివారి మూఢత్వం. బలహీనుడు ప్రబలుని అజ్ఞానాన్నే కవచంగా ధరించాడు. ఈ నవ్వు గురి చూసి తగిలింది.

అయితే చిత్రమంతా ఇలా సాగదు. చలిమంట చుట్టూ చిక్కుడుగింజలు తిన్న పశువుల కాపరుల అపానవాయువు దృశ్యం కొందరికి వినోదం, కొందరికి వెగటు. అది అభిరుచికి సంబంధించిన మాట. దానివల్ల ఎవరికీ హాని లేదు. చివరలో నృత్యబృందంలోని పురుషుల సుకుమార చేష్టలను వెక్కిరించిన ఘట్టం అటువంటిది కాదు. అక్కడ పరిహాసానికి గురియైనవారికి షెరీఫ్‌కు దక్కిన చమత్కారం దక్కలేదు, ఎదురుమాట దక్కలేదు. జాత్యహంకారాన్ని ఎండగట్టిన కలమే మరొక దురభిప్రాయానికి తెలియకుండా లొంగిపోయింది.

దీనినిబట్టి హాస్యానికి కొలతలు రెండని తేలుతున్నది. ప్రేక్షకులు నవ్వకపోతే కళ తప్పింది. నవ్వు తగలకూడనివారికి తగిలితే ధర్మం తప్పింది. రెండవ దోషాన్ని చప్పట్లు కప్పిపుచ్చుతాయి గనుక అది మరింత ప్రమాదకరం. పైగా ఒకే మాటకు ఒకే సభలో ఇద్దరు నవ్వవచ్చు: ఒకడు దురహంకారిని చూసి, మరొకడు ఆ దురహంకారి నోటి తిట్టును ఆస్వాదించి. నవ్వు చప్పుడులో ఈ భేదం వినిపించదు. దానిని ఎవరికి వారే తమ అంతరంగంలో విచారించుకోవాలి.

గురి తప్పుతుందన్న భయంతో హాస్యకారుడు మౌనం వహిస్తే అన్యాయానికి మేలు జరుగుతుంది. అంతమాత్రాన తప్పిన గురిని కూడా విజయమని చాటనక్కరలేదు. ఈ చిత్రాన్ని 2006లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో చేర్చి భద్రపరచారు. భద్రపరచడమంటే ప్రతి దృశ్యాన్నీ సమర్థించడం కాదు. బాణం వేసినవాడు 'హాస్యానికన్నాను' అని తప్పుకోవచ్చు; అది ఎక్కడ తగిలిందో చెప్పవలసినవాడు మాత్రం గాయపడినవాడే.