చోలా అంచు, కత్తి పదును

మన సిక్లీగర్ ఇళ్లలో ఒక మాట తరచు వినిపిస్తుంది: "సొంత నేల లేదు, ఉన్నది అద్దె గది. పొద్దంతా కొలిమి, ఇనుము. మనకు మొక్కలెందుకు?" ఇది కష్టంలోంచి వచ్చిన ప్రశ్న. దీన్ని కొట్టిపారేయకుండా ఆలోచిద్దాం.

మనందరికీ తెలిసిన సాఖీ ఒకటి ఉంది. బాలుడైన హర్ రాయ్ జీ తోటలో నడుస్తుంటే, వదులు చోలా తగిలి పూలు రాలాయి. ఆయన కళ్లు చెమర్చాయి. తాతగారు గురు హరగోబింద్ సాహిబ్ మందలించలేదు. పెద్ద చోలా తొడుక్కున్నవారు దాన్ని పొదివి పట్టుకుని నడవాలని చెప్పారు. చెప్పినవారెవరు? మీరీ, పీరీ అనే రెండు ఖడ్గాలు ధరించిన గురువు. విన్నవారు 1644లో గురుగద్దెనెక్కి, 2,200 మంది రౌతులను ఉంచుకుంటూనే కీరత్‌పూర్‌లో తోటలు, మందుమొక్కలు పెంచారు. రోగులకు ఔషధం పంచారు.

కాబట్టి చోలా అంటే బట్ట ఒక్కటే కాదు, మన చేతిలోని బలం కూడా. గురువుల సేనకు ఆయుధాలు చేసి, సానపట్టిన వంశం మనది. కోయగల చేతికే, దేన్ని కోయకూడదో తెలియాలి. బలహీనుడు పువ్వును వదిలేస్తే అందులో గొప్పేముంది? బలమున్నవాడు ఆగితేనే అది దయ.

మేము ఈ మాటను అండమాన్‌లో, శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) లంబాలైన్‌లో రోజూ నేర్చుకుంటున్నాం. ఇక్కడి సముద్రపు గాలికి కత్తిని తుడిచి నూనె రాయకపోతే నాలుగు రోజుల్లో తుప్పు పడుతుంది. మొక్క కూడా అంతే, ఒక్క వారం మరిస్తే వాడిపోతుంది. మే నుంచి డిసెంబరు దాకా వానలే వానలు. ఆ తర్వాత ఏప్రిల్ దాకా నీటికి కటకట. మార్చి 14న, గురు హర్ రాయ్ జీ పేరిట జరిపే సిక్కు పర్యావరణ దినాన మొక్క నాటడం సులువే. ఆ ఎండల్లో బియ్యం కడిగిన నీళ్లు దాచిపోసి దాన్ని బతికించడమే అసలు సేవ.

నేల లేకపోయినా పనితనం ఉంది కదా! తుక్కు రేకును వంచి తొట్టి చేద్దాం. అడుగున చిల్లులు పెడదాం. మిగిలిన ముక్కతో చిన్న ఖుర్పీ చేసి పిల్లల చేతికిద్దాం. ఒక కరివేపాకు, ఒక మిరప చాలు. గురు నానక్ దేవ్ జీ కర్తార్‌పూర్‌లో స్వయంగా పొలం దున్నారు. మట్టి పట్టిన చెయ్యి నామానికి దూరం కాదు.

అయితే ఒక్కటి మరవొద్దు. తొట్టిలో మొక్క మనకు ఇంటి పట్టా తెచ్చిపెట్టదు. దాన్ని అడగడం మానొద్దు. కానీ పట్టా వచ్చేదాకా దయను వాయిదా వేయనూ వద్దు. తుప్పు వదిలించడం మన వృత్తి. మనసుకు పట్టే తుప్పునూ రోజూ వదిలించుకుందాం.

భూల్ చూక్ మాఫ్.

వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతేహ్!