ఉద్వాసన లేని పూజ

పాపఘ్నీనది కొండలను చీల్చుకొని దిగివచ్చు గండిక్షేత్రమున వీరాంజనేయస్వామి మూర్తికి ఎడమచేతి చిటికెనవేలు అసంపూర్ణముగ నుండుటకు స్థలపురాణము చెప్పు కారణ మిది: లంకనుండి మరలివచ్చుచు వాయుదేవుని ఆతిథ్యమును స్వీకరించిన శ్రీరాముడు, ఆంజనేయునిపై వాత్సల్యముచేత బాణపుమొనతో శిలపై ఆయన రూపమును గీచుచుండగా, ప్రయాణమునకు వేళ మించుచున్నదని లక్ష్మణుడు తొందరపెట్టుటచే ఆ యొక్క వేలు మిగిలిపోయెను, పిమ్మట వ్యాసరాయలవారు ఆ రేఖలను శిల్పముగ మలచినప్పుడును దానిని పూరింప వీలుపడలేదు. కథలోని సత్యాసత్యముల జోలికి నేను పోను. నన్ను ఆకర్షించునది వేఱు. ప్రాణసముడైన భక్తుని రూపమును గీచుచు, ఆ గీతలో మనస్సంతయు నిలిపియున్నవాడు, పిలుపు వినబడినంతనే పని ముగియకున్నను లేచి తన దారిని తాను పోగలిగెను.

శ్రావణమాసపు శనివారములలో పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములనుండి జనము గండికి తరలివచ్చునప్పుడు, పెద్దలు దర్శనపు వరుసలో నిలిచియుండగా, చెట్టునీడ జేరి ఫోనులపై వంగిన కుఱ్ఱవాండ్ర మాటలు చెవినిబెట్టినచో తత్త్వవిచారమునకు కావలసిన సామగ్రి యంతయు అచ్చటనే దొరకును. "నేను నాక్ అయినా, రివైవ్ ఇయ్‌రా అబ్బీ!" అని ఒకడు కేకవేయును, "సచ్చిపోయినా" అని మఱియొకడు నిట్టూర్చును. తెరమీద కూలినది బొమ్మ. చచ్చితి ననుచున్నవాడు మాత్రము చెట్టుక్రింద శనగలు నములుచు కుశలముగ నున్నాడు.

నూరుగురు ఆటగాండ్రు విమానమునుండి రిక్తహస్తములతో ఒక ద్వీపముపై దూకి, దొరికిన ఆయుధములతో ఒకరినొకరు పరిమార్చుకొనగా తుదకు మిగిలినవాడో, మిగిలిన జట్టో గెలుచు ఈ ఆటను పబ్జీ అను పేర నుండగా 2020 సెప్టెంబరు 2న మన ప్రభుత్వము నిషేధించెను; 2021 జూలైలో అది బీజీఎంఐ అను పేర వచ్చెను; 2022 జూలైలో ఆగి, 2023 మేలో మరల లేచెను. బొమ్మకే గాక ఆటకును పునర్జన్మలు గలవన్నమాట. ఈ జన్మాంతరములలో దానికి జరిగిన సంస్కారములలో నొకటి, గాయపడిన బొమ్మనుండి ఎఱ్ఱని రక్తమునకు బదులు పచ్చని చుక్కలు చిందునట్లు చేయుట. రంగు మార్చినవారు మంచి యుద్దేశముతోనే మార్చియుందురు గాని, "నేను" అను మాటకు రంగు పూయుట ఎవరికిని సాధ్యము కాలేదు.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున, కర్తను నేనను భావము లేనివాడు లోకముల నన్నిటిని చంపియు చంపినవాడు కాడని యొక సాహసోక్తి గలదు. మన ఆటగాని స్థితి దీనికి సరిగా తలక్రిందు. చచ్చినవాడెవడును లేడు, కర్తృత్వము మాత్రము నిండుగ నున్నది. హింస జరుగలేదు గనుక పాపము లేదని ధర్మశాస్త్రజ్ఞుడు సులభముగ తీర్పు చెప్పును, నేనును అంగీకరింతును. అయినను కర్మకు పాపపుణ్యములు మాత్రమే గాక వాసన యను శేషము గూడ గలదని మనవారు చెప్పిరి. బొమ్మ ప్రతి ఆటయందును వట్టిచేతులతో, గతస్మృతి లేకుండ దూకుచున్నది. గురి, జంకు, కసి, కిందటి ఓటమిలోని అవమానము, ఇవి యన్నియు మూటగట్టుకొని ఒక బొమ్మనుండి మఱియొక బొమ్మకు పోవుచున్నవాడు ఆటగాడు. దేహములు విడుచుచు, వాసనలు మాత్రము వెంటగొనిపోవు జీవుని గూర్చి వేదాంతులు చెప్పినదానికి ఇంతకంటె స్పష్టమైన ప్రయోగశాల నాకు కనబడలేదు.

బొమ్మలో ప్రాణము నిలుపుట మనకు క్రొత్త గాదు. నిమ్మలకుంట తోలుబొమ్మలాటవారు రాత్రి యంతయు రావణుని గొంతుకతో గర్జించి, తెల్లవారగానే ఆ తోలును మడిచిపెట్టుదురు. వారిలో దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ ప్రకటింపబడినదియు పబ్జీ నిషేధింపబడిన ఆ 2020వ సంవత్సరముననే. మన యిండ్లలో వినాయకచవితినాడు మట్టిబొమ్మయందు స్వామిని ఆవాహనము చేయుదుము, పూజించి తుదకు ఉద్వాసన చెప్పుదుము. ఉద్వాసన చెప్పని పూజ ముగిసినట్లు కాదు. ఆటగాడు బొమ్మయందు ఆవాహనము చేయునది దేవుని గాదు, తన్ను. సొమ్ము పోసి కొన్న స్కిన్నులతో దానికి వస్త్రాలంకారములును చేయును. ఉద్వాసనమంత్రము మాత్రము వానికెవ్వరును నేర్పలేదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి దినమునకు మూడు గంటలు, తక్కినవారికి ఆరు గంటలు అని 2023లో పెట్టిన హద్దు తెరను ఆర్పగలదు. తెర ఆరినపిమ్మట గూడ ఓడిన కోపముతో అన్నము వద్దని లేచిపోవువాడు ఇంకను ఆ ద్వీపముమీదనే యున్నాడు.

మాధవీయ శంకరవిజయమున పరకాయప్రవేశఘట్టము ఈ విషయమున నాకు మిక్కిలి ప్రమాణము. వాదమున విదుషి ఉభయభారతి కామశాస్త్రమునుగూర్చి వేసిన ప్రశ్నలకు సమాధానము కొఱకు శంకరులు మృతుడైన అమరుకరాజు దేహమున ప్రవేశింపబూనగా, మత్స్యేంద్రుడు పూర్వ మిట్లే రాజదేహమున జొచ్చి తన్ను తాను మఱచిన సంగతిని శిష్యుడు పద్మపాదుడు హెచ్చరికగ చెప్పెను. వాసన లేనివానిని బంధ మంటదని గురువు బదులు పలికెను గాని, చెప్పిన గడువు దాటిపోయెను! అంతటివానికే గడువు దాటెను. తరువాతి కాలమున సర్వజ్ఞపీఠ మెక్కునప్పుడు ఎదురైన యాక్షేపమునకు, వేఱొక దేహమున జరిగినది ఈ దేహము నంటదని ఆయన యిచ్చిన సమాధానమును నేటి ఆటగాడును చెప్పవచ్చును. కాని ఆ సమాధానము చెప్పుటకు ముందు మరలివచ్చి యుండవలెను గదా!

గడువు దాటినప్పుడు శిష్యులు రాజును మెడబట్టి యీడ్వలేదు. గాయకుల వేషమున సభకు వచ్చి, ఆయనకు ప్రీతియైన గానమునందే ఆయన స్వరూపమును జ్ఞాపకము చేసిరి. పిల్లల చేతిలోని ఫోను లాగి బీరువాలో పెట్టి తాళమువేయు తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే: కొంతసేపు వారి ప్రక్కన గూర్చుండి ఆ యాట యేమో చూడుడు, ఆ మ్యాచి ముగిసినపిమ్మట పేరుపెట్టి పిలువుడు.