కుక్క ఒంటికి కండ ఎవరి కోసం?

కండలు పెంచే పొడులు జిమ్ములు దాటి పెంపుడు కుక్కల గిన్నెల్లోకి చేరాయి. ఛాతీ వెడల్పు కావాలని, మెడ బలవాలని పిట్‌బుల్, రాట్‌వైలర్, అమెరికన్ బుల్లీ లాంటి జాతుల కుక్కలకు ప్రొటీన్ పొడి, క్రియాటిన్ కలిపి పెట్టేవారున్నారు. ఇది పశువైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నే, కానీ ఆయన జవాబుతో తీరిపోయేది కాదు. మరో ప్రాణి దేహాన్ని మన ఇష్టానికి మలిచే అధికారం మనకు ఎంతవరకు ఉంది అన్న ధర్మసందేహం దీని వెనక ఉంది. కుక్క మన చేతి తిండి తిని బతుకుతుంది, పెట్టినదాన్ని నమ్మి తింటుంది. అంత నమ్మకం ఉన్నచోట దాని మేలు కోసం కాని మార్పును దాని ఒంట్లో తెచ్చే హక్కు మనకు లేదని నా వాదన.

ముందు దేహం చెప్పే సాక్ష్యం వినాలి. తేమను మినహాయించి లెక్కిస్తే పెద్ద కుక్క ఆహారంలో కనీసం 18 శాతం, ఎదిగే పిల్ల ఆహారంలో 22.5 శాతం మాంసకృత్తులు ఉండాలని అమెరికాలో పశువుల ఆహార ప్రమాణాలు చెబుతాయి. సమతూకమైన తిండి ఏదైనా ఆ మాత్రం ఇస్తుంది. అంతకు మించి కుమ్మరించినదంతా కండగా నిలవదు. శరీరం దాన్ని శక్తి కోసం ఖర్చు చేస్తుంది, లేదా కొవ్వుగా దాస్తుంది, మిగిలిన నత్రజనిని యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. పైగా మనుషుల కోసం తయారైన కొన్ని పొడుల్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. కుక్కకు అది విషం. కిలో బరువుకు 0.1 గ్రాము లోపలికి వెళ్లినా రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, మోతాదు పెరిగితే కాలేయం దెబ్బతింటుంది. కుక్కపిల్లల్ని తొందరగా భారీగా పెంచాలన్న ఆత్రమూ చేటే. ఎక్కువగా మేపిన గ్రేట్ డేన్ పిల్లల్లో ఎముకలు, కీళ్లు చెడతాయని 1970లలోనే కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. 2002లో వెలువడిన మరో అధ్యయనంలో 48 లాబ్రడార్లను జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. తక్కువ తిన్నవాటికి కీళ్ల జబ్బు కూడా ఆలస్యంగా వచ్చింది. మన కంటికి నిండుగా కనిపించే ఒళ్లు కుక్క బతుకును నిండుగా చేయదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పొడులతో పని లేకుండా కండ దానంతటదే పెరిగిన కుక్కలూ ఉన్నాయి. కండ ఎదుగుదలకు హద్దు పెట్టే మయోస్టాటిన్ జన్యువులో కొన్ని విప్పెట్ కుక్కలకు సహజంగానే లోపం ఉందని 2007లో కనుగొన్నారు. లోపమున్న జన్యు ప్రతి ఒకటి మాత్రమే ఉన్న కుక్కలు పందేల్లో వేగంగా పరిగెత్తాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వచ్చినవి మాత్రం రెట్టింపు కండతో ఉబ్బిపోయి, పందెం కుక్కకు ఉండవలసిన సన్నని ఒడుపునే పోగొట్టుకున్నాయి. ప్రకృతి కండకు హద్దు పెట్టింది పిసినారితనంతో కాదు. గుండె, ఎముక, కీలు, కండ కలిసి ఒక పొందికలో నడవాలి కాబట్టి పెట్టింది.

మనిషి బరువులెత్తి కండ పెంచుకుంటే సంకల్పం అతనిది, నొప్పి అతనిది, ఫలమూ అతనిదే. కుక్క విషయంలో సంకల్పం యజమానిది, మెప్పు యజమానిది, మోసే ఒళ్లు మాత్రం కుక్కది. భగవద్గీత 17వ అధ్యాయం తపస్సును మూడు రకాలుగా విడదీసి, గౌరవం కోసం, పూజ కోసం దంభంతో చేసేదాన్ని రాజసమని, నిలకడ లేనిదని తేల్చింది. తన ఒంటిని తానే కష్టపెట్టుకుని మెప్పు కోరేవాడికే గీత ఆ స్థానం ఇచ్చినప్పుడు, వేరొక ప్రాణి ఒంటిని పెట్టుబడిగా పెట్టి మెప్పు సంపాదించాలనుకునేవాడి స్థానం అంతకంటే కిందే.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. టీకాలు వేయిస్తున్నాం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తున్నాం, వీటికి కుక్క అనుమతి ఇచ్చిందా అని అడగవచ్చు. ఇవ్వలేదు, ఇవ్వడం దానికి సాధ్యమూ కాదు. అందుకే కొలమానం అనుమతి కాదు, మేలు. టీకా కుక్కను రేబిస్ నుంచి కాపాడుతుంది. ఆపరేషన్ గర్భాశయ వ్యాధుల నుంచి కాపాడి, పుట్టి వీధిపాలయ్యే పిల్లల గతిని తప్పిస్తుంది. ఛాతీ వెడల్పు కుక్కను దేని నుంచీ కాపాడదు. ఈ జాతులన్నీ మనిషి ఎంపికతో తయారైనవే కదా, ఒక చెంచా పొడితో వచ్చే కొత్త తప్పేమిటి అనేది రెండో అభ్యంతరం. నిన్న చేసిన అతి నేటి అతికి అనుమతి పత్రం కాదు. ముందే బరువు మోస్తున్న కీళ్లున్న జాతికి ఇంకా బరువు పెంచడం పాత తప్పును ముదరబెట్టడమే. మూడోది, ధర్మం మనుషుల మధ్యనే ఉంటుంది, కుక్క మన సొత్తు అనే మాట. నన్నయ భారతం ఆదిపర్వం మొదట్లోనే దీనికి జవాబుంది. జనమేజయుడి తమ్ముళ్లు యాగం దగ్గర ఏ తప్పూ చేయని కుక్కపిల్లను కొడితే, దాని తల్లి సరమ రాజు ముందుకు వచ్చి నిలదీసింది. కుక్కకు జరిగిన అన్యాయాన్ని ఆ కథ రాజు లెక్క చెప్పవలసిన అన్యాయంగానే చూసింది. మన చట్టమూ అదే దారిలో నడిచింది. హానిచేసే మందును గానీ పదార్థాన్ని గానీ అకారణంగా, కావాలని జంతువుకు ఇవ్వడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ నేరమంటుంది.

ఈ వాదన పొడులన్నిటినీ తోసిపుచ్చదు. ముసలితనంలో కుక్క కండ కరిగిపోతుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత కాలు కదపక తొడ సన్నబడుతుంది. అలాంటి ఆపరేషన్ అయిన కుక్కలకు కోడిగుడ్డు పచ్చసొన నుంచి తీసిన పదార్థం ఇస్తే కండ నష్టం తగ్గిందని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించారు. వైద్యుడు చూసి, కుక్క కోసమే తయారైనదాన్ని, తగిన మోతాదులో చెబితే దాన్ని పెట్టడం దయ. పెట్టకపోవడమే తప్పు కావచ్చు. ఒకే రకం పొడి ఒక ఇంట్లో చికిత్స, మరో ఇంట్లో ఆడంబరం అవుతుంది. తేడా అది ఎవరి అవసరం తీరుస్తోందన్నదాంట్లో ఉంది.

కాబట్టి యజమాని తనను తాను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ కుక్కను చూసి మెచ్చుకునేవారు ఎవరూ లేకపోయినా దీని గిన్నెలో నేను ఇది కలుపుతానా? నొప్పి తగ్గి లేచి నడవడానికైతే కలుపుతాడు. బలిష్ఠంగా కనబడటానికైతే కలపడు. ఆ రెండో పొడికి పెట్టే డబ్బూ సమయమూ రోజూ కుక్కతో పరుగుకీ, ఈతకీ, మంచి తిండికీ పెడితే, దాని బతుక్కి కావలసినంత కండ దానంతటదే వస్తుంది. అంతకు మించిన కండ కుక్క అడగలేదు.