తేల్చని కథ



యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం" చదివి నిరాశపడినవారు కొందరున్నారు. పాప తులసి బాధ చేతబడి వల్లనా, రోగం వల్లనా అన్నది రచయిత తేల్చలేదని వారి ఫిర్యాదు. 1985లో కన్నడ సినిమాగా కూడ వచ్చిన కథ గనుక చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు రెండు భాషలవారూ ఈ మాట అనగలరు.

భయపెట్టడం నవల పని. అది తప్పు కాదు. పుస్తకం మూస్తే భయం పోతుంది గాని అనుమానం పోదు. బిడ్డకు జ్వరం వస్తే పొరుగింటి ముసలమ్మను అది వేలెత్తి చూపిస్తుంది. దయ్యం వదిలిస్తామని మనిషిని కొట్టడం నేరమని కర్ణాటకలో 2017లో చట్టమే చేయవలసి వచ్చింది.

కనుక తేల్చవలసినది రచయిత కాదు, మనమే. కారణం తెలియనప్పుడు బిడ్డను డాక్టరుకు చూపించాలి గాని, పొరుగువారిని దోషిగా నిలబెట్టరాదు.